కాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్: సగటు, విస్తృతి లెక్కలకు కొనొచ్చా?

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ పరిధిలో డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నవాళ్లు, బీటెక్‌లో ప్రాబబిలిటీ పేపర్ ఉన్నవాళ్లు బుక్‌షాపుకు పోయి అడిగే మొదటి మాట ఒకటే: "సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఏది తీసుకోవాలె?" షాపాయన ఎఫ్ఎక్స్-82ఎంఎస్, ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్, ఎఫ్ఎక్స్-991ఈఎక్స్ మూడూ ముందర పెడతాడు. ధరల్లో తేడా కనిపిస్తుంది గానీ పనిలో తేడా పెట్టె మీద ఎక్కడా ఉండదు. అందుకే ఈ రివ్యూలో ఒక్క పనినే పట్టుకుని చూస్తున్నాం. విచ్ఛిన్న యాదృచ్ఛిక చలరాశికి, అంటే అవకాశాన్ని బట్టి 1, 2, 3 లాంటి విడివిడి విలువలు తీసుకునేదానికి, సంభావ్యతల పట్టిక ఇస్తే అంకమధ్యమం (సగటు), విస్తృతి (వేరియన్స్, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఎంత సులువుగా, ఎంత నమ్మకంగా ఇస్తుంది? త్రికోణమితి, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యల సంగతి ఇక్కడ లేదు.

ముందే చెప్పేస్తే, ఈ పనికి 991ఈఎస్ ప్లస్ సరైన వస్తువు. వెయ్యి రూపాయలు దాటుతుంది, అయినా డిగ్రీ మూడేళ్లూ పనికొస్తుంది. పైసలు తక్కువుంటే 82ఎంఎస్‌తో కూడా ఇదే జవాబు వస్తుంది, కాకపోతే ఒక కిటుకు తెలియాలి. ఇంటర్ సెకండియర్ పిల్లలకు మాత్రం ఏదీ కొనిపెట్టొద్దు. మ్యాథ్స్ 2ఏలో ఈ పాఠం ఉన్నా పరీక్షలో చేత్తోనే చెయ్యాలి, ఎప్‌సెట్‌లో క్యాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. చెయ్యి అలవాటు తప్పితే నష్టం వాళ్లకే.

పరీక్షకు పెట్టిన లెక్క

మన జిల్లాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేని లెక్క బోరుదే. ఒక రైతు తన చెలకలో నీళ్లు పడేదాకా బోర్లు వేయిస్తాడు, కానీ మూడు దాటనివ్వడు. ఒక్కో బోరులో నీళ్లు పడే సంభావ్యత 0.4 అనుకుందాం. ఒకదాని ఫలితానికి ఇంకోదానితో సంబంధం లేదని కూడా అనుకుందాం. వేసిన బోర్ల సంఖ్యే చలరాశి. మొదటి బోరుకే ఆగిపోయే సంభావ్యత 0.4. రెండో దానికి ఆగాలంటే మొదటిది ఎండిపోవాలి, రెండోది పడాలి: 0.6 × 0.4 = 0.24. మూడో దానికి చేరాలంటే మొదటి రెండూ ఎండిపోతే చాలు: 0.6 × 0.6 = 0.36. మూడోది పడ్డా పడకపోయినా ఆట అక్కడితో ఆగుతుంది కాబట్టి దాన్ని మళ్లీ 0.4తో గుణించకూడదు. మూడూ కలిపితే 1.

చేత్తో చేస్తే సగటు 1 × 0.4 + 2 × 0.24 + 3 × 0.36 = 1.96. వర్గాల సగటు 1 × 0.4 + 4 × 0.24 + 9 × 0.36 = 4.6. విస్తృతి 4.6 − 1.96 × 1.96 = 0.7584. దాని వర్గమూలం, అంటే క్రమ విచలనం, 0.8709. ఇప్పుడు మెషిన్ ఏం చేస్తుందో చూద్దాం.

ముందు సెట్టింగ్. షిఫ్ట్ నొక్కి మోడ్ నొక్కాలి, కింది బాణంతో రెండో పేజీకి పోవాలి, 4 నొక్కితే స్టాట్ వస్తుంది, అక్కడ 1 నొక్కితే ఫ్రీక్వెన్సీ ఆన్ అవుతుంది. కొత్త మెషిన్‌లో ఇది ఆఫ్‌లో ఉంటుంది, అందుకే చాలామందికి రెండో నిలువు వరుసే కనపడదు. "నా మెషిన్‌లో సంభావ్యత కొట్టే చోటు లేదు" అనేవాళ్లది తొంభైపాళ్లు ఇదే సమస్య. తర్వాత మోడ్, 3, 1 నొక్కితే పట్టిక తెరుచుకుంటుంది. ఎడమ వరుసలో 1, 2, 3 కొట్టాలి, ఒక్కోదాని తర్వాత ఈక్వల్ నొక్కాలి. బాణాలతో కుడి వరుస పైకి పోయి 0.4, 0.24, 0.36 కొట్టాలి. ఎడమవైపు విలువ కొట్టగానే కుడివైపు దానంతటదే 1 పడుతుంది. దాని మీదే మన సంభావ్యత కొట్టాలి. ఒక్క గడి మరిచిపోయినా అక్కడ 1 అలాగే ఉండిపోయి మొత్తం లెక్క చెడుతుంది.

పట్టిక అయ్యాక ఏసీ నొక్కాలి. ఏసీ అంటే చెరిపేస్తుందని కొత్తవాళ్లు భయపడతారు. ఇక్కడ అది పట్టికను మూసి లెక్కల తెరకు తెస్తుంది, అంతే. పట్టిక లోపల భద్రంగా ఉంటుంది. మళ్లీ చూడాలంటే షిఫ్ట్, 1, 2. ఇక జవాబులు: షిఫ్ట్, 1, 4 నొక్కితే నాలుగు పేర్లు కనపడతాయి. 1 నొక్కితే ఎన్ (కుడి వరుస మొత్తం), 2 నొక్కితే ఎక్స్ బార్ (సగటు), 3 నొక్కితే సిగ్మా ఎక్స్ (క్రమ విచలనం), 4 నొక్కితే ఎస్ ఎక్స్ (నమూనా క్రమ విచలనం). ఏది ఎంచుకున్నా చివర ఈక్వల్ నొక్కాలి. ఎక్స్ బార్ 1.96 ఇచ్చింది. సిగ్మా ఎక్స్ తెచ్చుకుని, ఈక్వల్‌కు ముందే వర్గం కీ నొక్కితే 0.7584 నేరుగా వచ్చింది. ఈ మోడల్‌లో విస్తృతికి విడిగా పేరు లేదు, క్రమ విచలనాన్ని వర్గం చేసుకోవాల్సిందే. తెర మీది 0.8709ను కాగితం మీద రాసుకుని మళ్లీ వర్గం చేస్తే 0.7585 అవుతుంది, అందుకని గుర్తును తెచ్చుకుని దాని మీదే వర్గం కీ నొక్కండి.

జవాబు పేపర్లో మెట్లు చూపించకపోతే మార్కులు రావు కదా, దానికీ దారుంది. షిఫ్ట్, 1, 3లో సమ్ అనే మెనూ ఉంటుంది. అందులో 2 నొక్కితే విలువ, సంభావ్యత గుణించిన మొత్తం 1.96, 1 నొక్కితే వర్గాల మొత్తం 4.6. పట్టికలో నాలుగు నిలువు వరుసలు చేత్తో గీసి, చివరి మొత్తాలను వీటితో సరిచూసుకుంటే ఎక్కడ తప్పు పడ్డదో వెంటనే దొరుకుతుంది.

ముందు ఎన్ చూడాలి, తర్వాతే సగటు

ఈ మెషిన్ గురించి తప్పక తెలియాల్సిన సంగతి ఇదే. దానికి సంభావ్యత అంటే ఏమిటో తెలియదు. మీరు కుడి వరుసలో కొట్టినవి దాని లెక్కలో పౌనఃపున్యాలు, అంటే "ఈ విలువ ఇన్నిసార్లు వచ్చింది" అని. మొత్తం 1 అయ్యిందా లేదా అని అది అడగదు, ఎర్రర్ చూపదు. ఎంత మొత్తం వస్తే అంతతో భాగించి సగటు ఇచ్చేస్తుంది.

పై లెక్కలో ఎక్కువమంది చేసే తప్పు మూడో బోరుకు 0.6 × 0.6 × 0.4 = 0.144 రాయడం. అప్పుడు సంభావ్యతల మొత్తం 0.784. చేత్తో చేసినవాళ్లకు సగటు 1.312 వస్తుంది. మెషిన్ మాత్రం 1.312ను 0.784తో భాగించి 1.6735 చూపిస్తుంది. రెండూ తప్పే, పైగా ఒకదానికొకటి కలవవు. ఇక్కడే పిల్లలు "క్యాలిక్యులేటర్ ఖరాబైంది" అనుకుంటారు. ఖరాబైంది పట్టిక. సగటు చూడకముందే ఎన్ చూస్తే 0.784 అని కనపడి అక్కడికక్కడే దొరికిపోయేది. ఎన్ సరిగ్గా 1 అయితేనే ముందుకు పోవాలి. 1 కన్నా పెద్దదైతే ఎక్కడో ఒక గడిలో మొదట పడ్డ 1 అలాగే మిగిలిపోయిందని అనుమానించాలి. 3 అని వస్తే ఫ్రీక్వెన్సీ వరుసను ముట్టుకోనే లేదన్నమాట.

రెండో ఉచ్చు సిగ్మా ఎక్స్, ఎస్ ఎక్స్ పక్కపక్కన ఉండటం. సంభావ్యతల పట్టిక ఇచ్చినప్పుడు కావాల్సింది ఎప్పుడూ సిగ్మా ఎక్స్. ఎస్ ఎక్స్ నమూనాల కోసం, ఎన్ నుంచి ఒకటి తీసేసి భాగిస్తుంది. దశాంశాల్లో కొట్టి ఎన్ సరిగ్గా 1 వచ్చినప్పుడు ఎస్ ఎక్స్ అడిగితే సున్నాతో భాగించాల్సి వచ్చి మ్యాథ్ ఎర్రర్ ఇస్తుంది. అది మంచిదే, తప్పు బయటపడుతుంది. ప్రమాదం సంభావ్యతలను పూర్ణాంకాలుగా మార్చి కొట్టినప్పుడు. 0.4, 0.24, 0.36కు బదులు 40, 24, 36 కొడితే ఎస్ ఎక్స్ వర్గం 0.7661 చూపిస్తుంది. 10, 6, 9 కొడితే 0.79. అసలు జవాబు 0.7584కు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సిగ్మా ఎక్స్ మాత్రం 40, 24, 36 కొట్టినా, 10, 6, 9 కొట్టినా, దశాంశాలు కొట్టినా కదలదు. ఏది తీసుకోవాలో మరిచిపోతే ఫ్రీక్వెన్సీలన్నింటినీ రెట్టింపు చేసి చూడండి. మారకుండా నిలబడేదే మనకు కావాల్సింది.

మూడోది, పట్టిక చెరిగిపోవడం. స్టాట్ నుంచి వేరే మోడ్‌కు పోతే పట్టిక పోతుంది. ఫ్రీక్వెన్సీ ఆన్, ఆఫ్ మార్చినా పోతుంది. మధ్యలో వర్గ సమీకరణం సాధించాల్సి వస్తే అది ముందే చేసుకోవాలి. ఫ్రీక్వెన్సీ వరుస ఉన్నప్పుడు 40 అడ్డు వరుసలు పడతాయి. పరీక్షలో వచ్చే ఏ లెక్కకైనా అవి చాలు.

చేత్తో ఎక్కడ చెడుతుందో చూస్తే దీని విలువ తెలుస్తుంది

వడ్ల బస్తా 40 కిలోలు అంటాం. కాంటా మీద పెడితే 39, 40, 41 తూగే సంభావ్యతలు వరుసగా ఆరో వంతు, సగం, మూడో వంతు అనుకుందాం. సగటు 40.1667. వర్గాల సగటు 1613.8333. తేడా తీస్తే విస్తృతి 0.4722. ఇప్పుడు సగటును 40.17గా సవరించి వర్గం చేసి చూడండి: 1613.6289. విస్తృతి 0.2044 అవుతుంది, సగం కూడా రాలేదు. ఇంకా బద్ధకించి 40.2 అని రాసుకుంటే వర్గం 1616.04, విస్తృతి మైనస్ 2.2! విస్తృతి ఎన్నటికీ రుణ సంఖ్య కాదు కాబట్టి ఈ రెండో తప్పు దొరుకుతుంది. మొదటిది దొరకదు, మూల్యాంకనంలో మార్కులు పోయాక గానీ తెలియదు. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా తీసేటప్పుడు దశాంశాలు కత్తిరిస్తే ఇలాగే ఉంటుంది.

మెషిన్‌లో 39, 40, 41కి 1, 3, 2 ఫ్రీక్వెన్సీలుగా కొడితే ఎన్ 6, సగటు 40.16666667, సిగ్మా ఎక్స్ 0.6871842709 వస్తుంది. వర్గం చేస్తే 0.4722. లోపల తెర మీద కనిపించే 10 అంకెల కన్నా ఎక్కువ పెట్టుకుని లెక్కిస్తుంది కాబట్టి ఈ బాధ లేదు. క్యాలిక్యులేటర్ లేనిచోట దారి వేరు: అన్ని విలువల్లోంచి 40 తీసేసి −1, 0, 1తో చెయ్యండి. సగటు ఆరో వంతు, వర్గాల సగటు సగం, విస్తృతి 17/36. విలువలన్నింటినీ ఒకే సంఖ్యతో జరిపితే సగటు జరుగుతుంది, విస్తృతి కదలదు. ఇంటర్ పిల్లలకు ఈ ఒక్క అలవాటు ఏ మెషిన్ కన్నా మేలు.

బోరు లెక్కకు కూడా ఇదే సూత్రం వాడొచ్చు. ఒక్కో బోరుకు 80 వేలు, మొదట్లో పాయింటు చూపించడానికి 5 వేలు అనుకుంటే సగటు ఖర్చు 1.96 × 80,000 + 5,000 = 1,61,800 రూపాయలు. క్రమ విచలనం 0.87086 × 80,000, అంటే దాదాపు 69,669. ఆ 5 వేలు సగటులో కలిశాయి, విచలనంలో కలవలేదు. విస్తృతి కావాలంటే 80,000ను వర్గం చేసి 0.7584తో గుణించాలి. వర్గం మరిచిపోవడం అన్ని కాలేజీల్లోనూ కనిపించే తప్పు. దానికి పట్టికలో మళ్లీ రూపాయల్లో కొట్టాల్సిన పనిలేదు.

నిజానికి మన రాతినేలలో బోర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి, ఒకటి ఎండిందంటే పక్కదాని మీద ఆశ తగ్గుతుంది. మొదటిది ఎండితే రెండోదానికి 0.3 మాత్రమే అనుకుంటే పట్టిక 0.4, 0.18, 0.42 అవుతుంది. రెండు గడులు మార్చి కొడితే సగటు 2.02, విస్తృతి 0.8196. తయారుగా ఉన్న ఏ విభాజనం (డిస్ట్రిబ్యూషన్) సూత్రమూ దీనికి సరిపోదు, పట్టిక మాత్రం దేనికైనా సరిపోతుంది. 991ఈఎస్ ప్లస్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

సిలబస్ లెక్కల్లో పనికొచ్చే సంగతులు

సంభావ్యతలు కే, 2కే, 3కే, 4కే అని ఇచ్చి కే కనుక్కోమంటారు. ఫ్రీక్వెన్సీలుగా 1, 2, 3, 4 కొట్టండి. ఎన్ 10 వస్తుంది, కే విలువ దాని విలోమం, 1/10. సగటు, సిగ్మా ఎక్స్ ఇదే పట్టికలో సిద్ధంగా ఉంటాయి. మెషిన్ మొత్తంతో భాగించే అలవాటు ఇక్కడ మనకు అక్కరకొస్తుంది.

కే వర్గాలు కలిసిన లెక్క అయితే రెండు అడుగులు. 0 నుంచి 7 దాకా విలువలకు 0, కే, 2కే, 2కే, 3కే, కే వర్గం, 2 కే వర్గాలు, 7 కే వర్గాలు ప్లస్ కే అనే పాత లెక్క ఏటా ఎక్కడో ఒకచోట వస్తుంది. మొత్తం 1 అని రాస్తే 10 కే వర్గాలు + 9కే − 1 = 0. మోడ్, 5, 3లో 10, 9, −1 కొడితే మూలాలు 0.1, −1. సంభావ్యత రుణం కాదు కాబట్టి −1 వదిలేయాలి. తర్వాత స్టాట్‌కు వచ్చి 0, 0.1, 0.2, 0.2, 0.3, 0.01, 0.02, 0.17 కొడితే సగటు 3.66, విస్తృతి 3.4044. గడిలో 7 × 0.1² + 0.1 అని నేరుగా కొట్టినా తీసుకుంటుంది, మనసులో చేసి తప్పు కొట్టే బెడద తప్పుతుంది.

ద్విపద (బైనామియల్), పాయిజాన్ విభాజనాలకు పట్టిక అక్కర్లేదు. మోడ్ 1లో ఉండి, గడులున్న లాగ్ కీని షిఫ్ట్‌తో నొక్కితే పెద్ద సిగ్మా వస్తుంది. ద్విపదలో ఐదు ప్రయత్నాలు, ఒక్కోదానికి సంభావ్యత 0.4 అనుకుని, కింద 0, పైన 5 పెట్టి, లోపల ఎక్స్ × 5సీఎక్స్ × 0.4 ఘాతం ఎక్స్ × 0.6 ఘాతం (5 − ఎక్స్) కొడితే జవాబు 2, అదే సగటు. మొదటి ఎక్స్‌ను వర్గం చేస్తే 5.2. అందులోంచి 4 తీస్తే 1.2, సూత్రం చెప్పే 5 × 0.4 × 0.6 కూడా అంతే. సూత్రం ఎక్కడినుంచి వస్తుందో అర్థం కానివాళ్లకు ఇది కళ్లముందు చూపించే సాధనం. పాయిజాన్‌లో అనంతం దాకా కూడాలి కదా, పై హద్దుగా 30 పెడితే సగటు 3 లాంటి లెక్కలకు తెర నిండా సరైన జవాబే వస్తుంది. 69 దాటించొద్దు, 70 ఫ్యాక్టోరియల్ దగ్గర మ్యాథ్ ఎర్రర్ వస్తుంది. హద్దు పెరిగేకొద్దీ కాసేపు ఆలోచిస్తుంది కూడా, ఆగిపోయిందని ఏసీ నొక్కకండి.

రుణ విలువలున్నప్పుడు ఒక జాగ్రత్త. బత్తాయి తోట గుత్తకు పట్టుకున్న వ్యాపారికి 60 వేల లాభం వచ్చే సంభావ్యత 0.5, 10 వేలు 0.2, 40 వేల నష్టం 0.3 అనుకుందాం. సగటు 20 వేలు, వేలల్లో తీసుకుంటే విస్తృతి 1900. పట్టికలో కొడితే ఏ ఇబ్బందీ లేదు. మామూలు తెర మీద వరుసగా కొట్టేవాళ్లు −40 వర్గాన్ని బ్రాకెట్ లేకుండా కొడితే మెషిన్ 40ని వర్గం చేసి ముందు మైనస్ పెడుతుంది. విస్తృతి 940 అని చూపిస్తుంది. ధన సంఖ్యే కాబట్టి తప్పని తోచదు. రుణ సంఖ్యకు బ్రాకెట్ పెట్టడం మానకూడదు.

మిగతా రెండు మోడళ్లు

82ఎంఎస్‌లో పట్టిక తెర మీద పరిచినట్టు కనపడదు, ఒక్కొక్క విలువా బాణంతో జరుపుకుంటూ చూడాలి. మోడ్, 2 నొక్కితే ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) మోడ్ వస్తుంది. మొదలుపెట్టే ముందు షిఫ్ట్, మోడ్, 1, ఈక్వల్ నొక్కి పాత డేటా తుడిచేయాలి. ఇది మరిచిపోతే నిన్నటి లెక్క ఇవాళ్టి దానితో కలిసిపోతుంది. ఈ మోడల్‌తో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. విలువ కొట్టి, షిఫ్ట్, కామా నొక్కి, ఫ్రీక్వెన్సీ కొట్టి, ఎం ప్లస్ నొక్కాలి. ఇక్కడే కిటుకు: సంభావ్యతలను ఉమ్మడి హారంతో గుణించి పూర్ణాంకాలు చేసుకోండి. 40, 24, 36 కొడుతుంటే తెర మీద ఎన్ 40, 64, 100 అని పెరుగుతూ కనపడుతుంది, తప్పు పడితే అక్కడే తెలుస్తుంది. షిఫ్ట్, 2లో సగటు, రెండు సిగ్మాలు ఉంటాయి. పక్కన ఉత్త ఎన్ ఉన్నదే మనది, ఎన్ మైనస్ 1 ఉన్నది కాదు. 991ఎంఎస్ అయితే ఎస్‌డీ కోసం మోడ్ రెండుసార్లు నొక్కి 1 నొక్కాలి, మిగతాది ఇంతే.

991ఈఎక్స్ ఈ పనిలో అన్నిటికన్నా సుఖం. మెనూలో 6 స్టాటిస్టిక్స్, ఫ్రీక్వెన్సీ సెట్టింగ్ షిఫ్ట్, మెనూ, కింది బాణం, 3లో ఉంటుంది. పట్టిక కొట్టి ఆప్షన్ కీలో వన్ వేరియబుల్ క్యాల్క్ ఎంచుకుంటే సగటు, మొత్తాలు, సిగ్మా వర్గం అన్నీ ఒకే జాబితాలో వరుసగా వచ్చేస్తాయి. విస్తృతికి వర్గం కీ అక్కర్లేదు. కానీ ఆ జాబితాలో ఎన్ కిందికి జరిపితే గానీ కనపడదు, చూడకుండా వదిలేసే అవకాశం ఇందులోనే ఎక్కువ. ఒక్క ఈ సౌకర్యం కోసం అదనపు పైసలు పెట్టమని చెప్పలేం. ద్విపద, పాయిజాన్ సంభావ్యతలు రోజూ తీయాల్సిన ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లకు 7వ మెనూ (డిస్ట్రిబ్యూషన్) బాగా పనికొస్తుంది, వాళ్లు కొనొచ్చు.

గేట్ రాసేవాళ్లు, ముఖ్యంగా 2024 నుంచి వచ్చిన డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపర్ రాసేవాళ్లు, ఈ పట్టిక మీద ఆధారపడొద్దు. అక్కడ తెరమీది వర్చువల్ క్యాలిక్యులేటరే వాడాలి, అందులో స్టాట్ పట్టిక ఉండదు. దానికి తగిన అలవాటు ఎం ప్లస్, అంటే ఒక్కో జవాబును మెమరీలో కలుపుకుంటూ పోవడం. 1 × 0.4 చేసి ఎం ప్లస్, 2 × 0.24 చేసి ఎం ప్లస్, 3 × 0.36 చేసి ఎం ప్లస్, ఎంఆర్ నొక్కితే 1.96. మెమరీ తుడిచి వర్గాలతో ఇంకోసారి. కిరాణా కొట్లో ఉండే మామూలు క్యాలిక్యులేటర్‌తో కూడా ఈ సాధన చేసుకోవచ్చు, వేరే ఖర్చు లేదు.

కొనేటప్పుడు

యూనివర్సిటీ పరీక్షకు ఏ మోడల్ తీసుకుపోవచ్చో కొనకముందే మీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. హాల్‌టికెట్ మీద రాసి ఉంటే అది కూడా చదవండి. పేరు చివర ప్లస్ ఉందో లేదో చూసుకోండి, పాత ఈఎస్‌లో మెనూల్లో పేర్లు కొంచెం వేరు. నకిలీ సరుకు కూడా తిరుగుతుంటుంది కాబట్టి బిల్లు, వారంటీ కార్డు తీసుకోవాలి. సోలార్ పట్టీని వేలితో పూర్తిగా మూసినా తెర వెలగాలి, లోపల ఎల్ఆర్44 బటన్ సెల్ ఉంటుంది. ఆ తర్వాత కౌంటర్ దగ్గరే పాచిక లెక్క చేసి చూడండి. ఫ్రీక్వెన్సీ ఆన్ చేసి 1 నుంచి 6 దాకా కొట్టి, కుడి వరుసలో 1లు అలాగే వదిలేయండి. ఎన్ 6, సగటు 3.5, సిగ్మా ఎక్స్ 1.707825128, ఎస్ ఎక్స్ 1.870828693 రావాలి. చివరి అంకె దాకా కలవకపోతే ఆ పెట్టె పక్కన పెట్టి ఇంకోటి చూపించమనండి.